చెవి మీదుగా వేసిన జడ

"శ్రీరమ్య తాలూకు ఎవరండీ?"

ఆపరేషన్ థియేటరు తలుపు సగం తీసి పట్టుకుని నర్సు రెబెకా రెండోసారి అడిగింది. ఆమె చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు ఉంది. అందులో జడ ఉంది. కొనకు చుట్టిన ఎర్ర రబ్బరు బ్యాండు కూడా అలాగే ఉంది.

బల్ల మీద కూర్చున్న నలుగురూ లేచారు. ముందుకు మాత్రం ఎవరూ రాలేదు.

పున్నమ్మ చెయ్యి చాపబోయి ఆగింది. కన్నది తనే. కానీ పెళ్ళయి పది నెలలైంది, పిల్ల ఇప్పుడు వాళ్ళింటి మనిషి. వియ్యపురాలు సీతారావమ్మ పక్కనుండగా తాను అందుకోవచ్చో లేదో తెలియలేదు.

సీతారావమ్మ చేతులు కట్టుకుని నిలబడింది.

"మా వదినగారికే ఇవ్వమ్మా. ఆ జడ కింద ఏం దాచిందో ఆవిడకే తెలుసు."

రెబెకా ఎవరి ముఖంలోకీ చూడకుండా కవరు పున్నమ్మ చేతిలో పెట్టింది. "జుట్టంతా తియ్యాల్సొచ్చిందమ్మా. డాక్టరుగారు మీతో మాట్లాడి ఆపరేషన్ మొదలుపెడతారు. ఎక్కడికీ వెళ్ళొద్దు" అని తలుపు వేసుకుంది.

కవర్లోంచి కొబ్బరినూనె వాసన వచ్చింది. దాని వెనకే మిరప ఘాటు.

పదిహేనేళ్ళు ఆ జడను పున్నమ్మ ఒక్క తీరుగానే వేసింది. కుడి చెవి మీదుగా జుట్టు వదులుగా దించి, వెనక్కి తిప్పి అల్లేది. చెవి వెనక చర్మం కింద చింతగింజంత బుడిపె. అక్కడి నుంచి మెడ మీదుగా కిందికి నరంలా కనబడే సన్నటి గొట్టం. అవి ఎవరి కంటా పడకూడదు. బళ్ళో ఫోటో తీసే రోజున, కాలేజీ ఫంక్షను రోజున, చివరికి పెళ్ళిపీటల మీద కూడా అదే జడ. కొప్పు పెడతానన్న బ్యూటీషియన్‌తో ఆ రోజు పెద్ద పేచీనే పెట్టుకుంది.

"పాత ట్యూబు స్కానింగులో కనబడుతోంది, ఎప్పుడు వేశారు అని ఆ డాక్టరు నన్నడుగుతాడు!" సీతారావమ్మ గొంతు వరండా అంతా వినబడింది. "ఏ ట్యూబండీ, మా కోడలికి జలుబు కూడా రాదు అన్నాను. పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. ఈవిడ బస్సు దిగి వచ్చి నోరు విప్పిందాకా నాకు తెలిసి చావలా."

"అమ్మా, మెల్లగా" అన్నాడు చైతన్యకృష్ణ. గోడకు ఆనుకుని, భార్య సెల్‌ఫోను అరచేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏందిరా మెల్లగా? నువ్వు వారమంతా గుంటూరులో కోల్డ్ స్టోరేజీలో ఉంటివి. దాని దగ్గరున్నది నేను. సోమవారం తలనొప్పంది. కల్లంలో కూర్చుంటే ఎవరికి రాదు తలనొప్పి? నాకూ వచ్చింది. మంగళవారం వాంతి చేసుకుంది. కాయ తిరగబోసే రోజున ఘాటుకి కూలోళ్ళు కూడా వాంతులు చేసుకుంటారు. మజ్జిగిచ్చాను. ముక్కుకి తడిగుడ్డ కట్టాను. ఆర్ఎంపీ వచ్చి సూదేసి, మిరపకాయల సీజను గదమ్మా అనేసి పోయాడు. పక్కింటామె ఏమందో తెలుసా? నెల తప్పిందేమో చూసుకోండి అంది."

ఆమె ఆగింది. గొంతు మారింది.

"నేనూ నవ్వాను వదినా. ఆ పిల్ల తల పట్టుకుని కూర్చునుంటే నేను నవ్వాను."

పున్నమ్మ తల వంచుకుంది. ఆమె ఒంటి మీద చీర పైన మొగుడి చొక్కా ఉంది. నీలం గళ్ళ పొడుగుచేతుల చొక్కా. పొదిలి దగ్గర తమ మిరప కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరుతూ ఉండగా ఫోను వచ్చింది. అలాగే బస్సెక్కింది. ముంజేతుల దాకా కాయ ఎరుపు అంటుకునే ఉంది.

"తప్పే చెల్లెమ్మా" అన్నాడు పున్నమ్మ భర్త అంకమ్మరావు. "తప్పే."

"మీరు చెప్పబోయారు అన్నయ్యగారూ. నాకిప్పుడు గుర్తొస్తోంది. పెళ్ళిచూపుల నాడు, అమ్మాయికి చిన్నప్పుడు ఒకసారి అని మీరు మొదలుపెట్టారు. ఈవిడ వచ్చి, కాఫీ చల్లారిపోతోంది తాగండి అంది."

అంకమ్మరావు భుజం మీది తువ్వాలు తీసి మడత పెట్టుకున్నాడు. సీతారావమ్మ పున్నమ్మ వైపు తిరిగింది.

"టిక్కీ బస్తాలో అడుగున తాలు పోసి, పైన నిఖార్సయిన కాయ పేర్చి మిర్చి యార్డుకి తోలినట్టు చేశావు వదినా. అట్టా చేసినోణ్ణి యార్డులో మళ్ళీ గడప తొక్కనీరు."

"నా బిడ్డ తాలుకాయ కాదు!" పున్నమ్మ అంతసేపట్లో అదే మొదటి మాట. అంత గట్టిగా వస్తుందని ఆమే అనుకోలేదు.

"కాదు" అంది సీతారావమ్మ వెంటనే. "కాదు గనకే అడుగుతున్నా. నాకు చెబితే ఏం చేసేదాన్ని? కొట్టేదాన్నా? సోమవారమే కార్లో వేసుకుని ఇక్కడికి వచ్చేదాన్ని. చెప్పకపోబట్టి గదా, నా చేత్తో నేనే దాన్ని మూడు రోజులు కల్లంలో కూర్చోబెట్టింది!"



తలుపు తెరుచుకుంది. డాక్టర్ శశిభూషణ్ వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయేమో, నెత్తిన ఆకుపచ్చ టోపీ. నిలబడే మాట్లాడబోయి, నలుగురి ముఖాలూ చూసి బల్ల చివర కూర్చున్నాడు.

"ఏడేళ్ళప్పుడు ఆ అమ్మాయికి వచ్చింది మెదడు పొరలకు టీబీ. మీకు అప్పుడే చెప్పుంటారు. మెదడు చుట్టూ మూడు పొరలుంటాయి. పైది తోలులా గట్టిది. అడుగుది ఉల్లిపొరకన్నా పల్చన, మెదడుని అంటిపెట్టుకుని ఉంటుంది. మధ్యది సాలెగూడులా ఉంటుంది. దాని కిందుగా నీరు తిరుగుతూ ఉంటుంది."

"నీళ్ళా?" అన్నాడు అంకమ్మరావు.

"నీళ్ళే. మెదడు లోపల నాలుగు గదులున్నాయి. ఆ గదుల్లో ఊరుతుంది. మీకూ నాకూ అందరికీ. రోజుకి అర లీటరు. ఊరింది ఊరినట్టు బయటి పొరల్లోకి వచ్చి రక్తంలో కలిసిపోవాలి. టీబీ వచ్చినప్పుడు ఆ దారి పూడిపోయింది. అందుకని అప్పట్లో గదిలోంచి పొట్టలోకి గొట్టం వేశారు, అటు పొయ్యేట్టు. ఇప్పుడా గొట్టం మూసుకుపోయింది. గదులు ఉబ్బి మెదడుని చుట్టుపక్కలకి నెడుతున్నాయి."

డాక్టరు నెత్తిన టోపీ సర్దుకున్నాడు.

"మాది పొన్నూరు. మా చేలల్లో నీళ్ళు రావటం కష్టం కాదు, పోవటమే కష్టం. మురుగుకాలవ పూడితే నాలుగు రోజుల్లో పైరు కుళ్ళిపోతుంది. అట్టాంటిదే అనుకోండి."

అంకమ్మరావు టోపీ వైపు చూశాడు, డాక్టరు వైపు కాదు.

"మాది పొదిలి పక్కనయ్యా. మేం ఆరు బోర్లు వేశాం. ఒక్కదాంట్లోనే వేలెడు ధార పడింది. నీళ్ళు లేక చచ్చేవాళ్ళం మేము. నా కూతురు తల్లో నీళ్ళెక్కువై..."

తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"ప్రాణానికి భయం లేకుండా చూస్తాం. నా భయం కళ్ళ గురించి" అన్నాడు డాక్టరు. "కంటి వెనక నరం చుట్టూ కూడా ఆ పొరలే ఉంటాయి. లోపల ఒత్తిడి పెరిగితే నరం నలిగిపోతుంది. కొత్త గొట్టం వేస్తున్నాం. అది కూడా ఒక్కోసారి మొదటి రోజునే మూసుకుపోవచ్చు. మెలకువ వచ్చాక చూపు మసకగా ఉందన్నా, సరిగా కనబడట్లేదన్నా వెంటనే మాకు చెప్పాలి. రేపు చూద్దాంలే అనుకోవద్దు. గంటలు దాటితే ఆ చూపు మళ్ళీ రాదు."

లేచి రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"ఇంకేమీ దాచలేదు కదమ్మా?"

"లేదు బాబూ" అంది పున్నమ్మ.

చైతన్యకృష్ణ తల ఎత్తి ఆమె వైపు చూశాడు.

* * *

మర్నాడు పొద్దున పది గంటలకి అతను అడిగాడు. పెద్దవాళ్ళిద్దరూ కాస్త ఎడంగా ఉన్నారు. సీతారావమ్మ కిటికీ దగ్గర కోటప్పకొండకు మొక్కిన ముడుపు కొంగున కట్టుకుంటోంది. అంకమ్మరావు బల్ల మీద కూర్చుని కునుకుతున్నాడు.

"అత్తయ్యా. ఇది రమ్య ఫోను."

పున్నమ్మ చూసింది.

"మంగళవారం మధ్యాహ్నం రెండూ పదికి మీకు చేసింది. పదకొండు నిమిషాలు మాట్లాడింది. తర్వాత నాకు చేసింది. ఒక్క నిమిషం. బాగున్నానండీ, భోంచేశారా అని పెట్టేసింది." అతని గొంతులో కోపం లేదు. కోపం ఉంటే ఆమెకు తేలికగా ఉండేది. "మీతో ఏం మాట్లాడింది?"

"మామూలే నాయనా. కల్లం సంగతులు."

"పదకొండు నిమిషాలు?"

"కాయ రంగు తిరిగిందా, పరదా పట్టాలు కప్పారా, అట్టాంటియ్యే."

అతను ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఇంకేమీ అడగలేదు. అక్కణ్ణించి వెళ్ళనూ లేదు.

పున్నమ్మకు ఆ పదకొండు నిమిషాలూ కంఠతా వచ్చు.

'అమ్మా, తల లోపల్నుంచి నెడుతున్నట్టుందే. చిన్నప్పుడు వచ్చింది చూడు, అట్టాగే. అదేనేమోనే.'

'అదేం కాదు. ఘాటుకి అట్టాగే ఉంటుంది. నాకూ పట్టేసింది తల.'

'ఆయనకి చెప్పనా?'

'నోరెత్తకు. పెళ్ళయి ఏడాది కాలా ఇంకా. పది రోజులు ఓర్చుకో, మన కాయ ఎత్తెయ్యగానే నేనొస్తా. పుట్టింటికని తీసుకొచ్చి ఎవరికీ తెలియకుండా చూపిస్తా. జడ గట్టిగా వెయ్యకు, నొప్పి పుడుద్ది. వదులుగా వేసుకో.'

'సరేనమ్మా.'

ఎప్పుడు ఏం చెప్పినా రమ్యది అదే మాట. సరేనమ్మా.

"శ్రీరమ్య తాలూకు!" రెబెకా ఈసారి నవ్వుతూ వచ్చింది. "తెలివొచ్చిందమ్మా. పేరు చెప్పింది, ఊరు చెప్పింది. వేళ్ళు చూపిస్తే రెండు అంది. బాగా కనపడుతోందంట. డాక్టరుగారు ఇంకో ఆపరేషన్లో ఉన్నారు, అవ్వగానే వచ్చి చూస్తారు. ఒక్కళ్ళే రండి, అయిదు నిమిషాలు."

సీతారావమ్మ కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది. అంకమ్మరావు నిద్ర ముఖంతోనే రెండు చేతులూ జోడించాడు. చైతన్యకృష్ణ అప్పటికే చెప్పులు విడుస్తున్నాడు.

"వాళ్ళమ్మ కావాలందండీ" అంది రెబెకా, కొంచెం ఇబ్బందిగా.

అతను విడిచిన చెప్పులు మళ్ళీ తొడుక్కున్నాడు.

"పో వదినా" అంది సీతారావమ్మ. "నిన్నే గదా అడుగుతోంది. ఆ కవరు ఇటివ్వు, లోపలికెందుకు?"

నిన్నటి నుంచీ ఒళ్ళోనే పెట్టుకున్న జడను పున్నమ్మ వియ్యపురాలి చేతికిచ్చింది.

లోపల చల్లగా ఉంది. మూడో మంచం. తల చుట్టూ తెల్లటి కట్టు, దాని కింద ముఖం ఏడేళ్ళ పిల్ల ముఖమంత చిన్నదైపోయి ఉంది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

పున్నమ్మ మంచం పక్కకు వెళ్ళి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా. వచ్చావా" అంది రమ్య. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. "కాయ వాసనొస్తోంది నీ దగ్గర."

"వచ్చా తల్లీ. నొప్పిగా ఉందా?"

"కొంచెం. అమ్మా, వీళ్ళకి తెలిసిపోయిందా?"

"తెలిసింది."

"నేను చెప్పలేదమ్మా. ఒట్టు. నువ్వు చెప్పొద్దన్నావని కళ్ళు తిరిగిందాకా చెప్పలా."

పున్నమ్మకు ఏడుపు కూడా రాలేదు.

"ఫోను సంగతి చెప్పమాక" అంది రమ్య మళ్ళీ. "నేను నీకు కూడా చెప్పలేదనే అందాం. అత్తయ్య తిట్టిందా నిన్ను?"

"తిడితే తిట్టిందిలే. తిట్టాల్సిందేలే."

"మంచిదమ్మా ఆవిడ. గట్టిగా మాట్లాడుద్ది గానీ. రాత్రిళ్ళు నా తల నొక్కింది." రమ్య నవ్వడానికి ప్రయత్నించింది. "ఈ హడావిడిలో కూడా ఆ పచ్చ చీర కట్టుకొచ్చావు. ఎక్కడికెళ్ళినా అదేగా. నీకు బాగుంటుందిలే."

పున్నమ్మ తన ఒంటి వైపు చూసుకుంది. నీలం గళ్ళ చొక్కా. మెడ దాకా గుండీలు పెట్టి ఉంది. పచ్చ చీర పొదిలిలో, ట్రంకుపెట్టెలో ఉంది.

కూతురి చూపు తన ముఖం మీద లేదని అప్పుడు గమనించింది. భుజం పక్కగా, గోడ వైపు ఉంది.

నెమ్మదిగా చెయ్యి ఎత్తి రమ్య కళ్ళ ముందు అటూ ఇటూ ఆడించింది. ఎర్రటి వేళ్ళు. రెప్ప పడలేదు.

"రమ్యా. నేను ఏ చీర కట్టుకున్నానమ్మా?"

రమ్య దుప్పటి అంచు వేళ్ళతో వెతికి పట్టుకుంది.

"నర్సమ్మకి రెండు వేళ్ళని ఎట్టా చెప్పావే?"

"అందరూ రెండే చూపిస్తారుగా" అంది రమ్య, చాలా చిన్నగా.

పున్నమ్మ ముందుకు వంగి మంచం కమ్మీ పట్టుకుంది.

"లేచినప్పట్నుంచీనా?"

"మొదట మసకమసకగా కనపడ్డదమ్మా. ఇప్పుడు ఏం లేదు. అరవమాక, ఆయన బయటే ఉన్నాడు." రమ్య వేళ్ళు తల్లి మణికట్టును గట్టిగా పట్టుకున్నాయి. "రేపటికి సర్దుకుంటదిలే. కల్లంలో కళ్ళు మండి ఏమీ కనపడకపోతే సర్దుకోలా? ట్యూబు సంగతి తెలిసిపోయింది, అది చాలు. కళ్ళు కూడా పోయినయ్యంటే నన్ను ఉంచుకుంటారా? పది రోజులు చూద్దాం. అప్పటికీ రాకపోతే నువ్వొచ్చి పుట్టింటికని తీసుకెళ్ళు. ఎవరికీ తెలియకుండా చూపిద్దాం."

తన మాటలే. ఒక్కటీ పొల్లు పోలేదు. పదిహేనేళ్ళు జడ అల్లుతూ నేర్పిన పాఠం.

"చెప్పవు గదా అమ్మా?"

"టైమైందమ్మా" అని రెబెకా గుమ్మం దగ్గర నుంచి పిలిచింది.

"సరే అనమ్మా" అంది రమ్య.

పున్నమ్మ ఒక్కొక్క వేలే విడిపించుకుంది. సరే అనలేదు.

బయట ముగ్గురూ తలుపు దగ్గరే నిలబడి ఉన్నారు. సీతారావమ్మ కవర్లోంచి జడ తీసి, తన కొత్త రుమాలులో చుట్టి పెట్టింది. నిన్న చేతులు కట్టుకుని నిలబడిన మనిషేనా అనిపించేట్టు ఉంది ఆమె ముఖం.

"నేను నిన్న నోటికొచ్చింది అన్నాను వదినా. మనసులో పెట్టుకోమాక. కళ్ళు దక్కాయి, అదే పదివేలు. జుట్టుదేముంది, పెరుగుద్ది. ఈసారి జడ నేనే వేస్తా. గొట్టం కనపడితే కనపడనీ, ఎవడేమంటాడో చూస్తా నేను."

పున్నమ్మ ఆమె వైపు చూసింది. ఈ మాట పెళ్ళిచూపుల నాడు వినబడి ఉంటే! కాఫీ గ్లాసు పక్కన పెట్టి, ఆయన్ని చెప్పనిచ్చి ఉంటే!

"ఎట్టా ఉందత్తయ్యా?" అన్నాడు చైతన్యకృష్ణ. "మిమ్మల్ని చూసిందా?"

'చూసింది' అన్న మాట నాలిక చివర ఉంది. ఒక్క మాట అంటే చాలు. వియ్యపురాలు అలాగే చెయ్యి పట్టుకుంటుంది. అల్లుడు లోపలికి వెళ్తాడు. కూతురు నవ్వుతుంది. మధ్యాహ్నం దాకా అందరూ సంతోషంగా ఉంటారు. మధ్యాహ్నానికి ఎన్ని గంటలు?

"లేదు" అంది.

"ఏంటి?"

"చూడలా. దానికి కనపట్టంలా." మొదటి మాట అన్నాక మిగతావి ఆగలేదు. "నర్సమ్మకి అబద్ధం చెప్పింది. మసగ్గా ఉన్నది ఇప్పుడు బొత్తిగా లేదు. డాక్టర్ని పిలవండి. రెబెకమ్మా, డాక్టర్ని పిలువు తల్లీ, ఆ గొట్టం మళ్ళీ మూసుకుపోయిందేమో!"

రెబెకా పరుగెత్తింది.

"మంగళవారం కూడా నాకు చెప్పింది నాయనా" అంది పున్నమ్మ, అల్లుడి ముఖంలోకి సూటిగా చూస్తూ. "అదేనేమోనమ్మా అంది. నేనే నోరెత్తకన్నాను. పది రోజులు ఓర్చుకోమన్నాను."

అంకమ్మరావు భార్యను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. సీతారావమ్మ చేతిలోని రుమాలు ఛాతీకి ఆనించుకుంది. ఎవరూ తిట్టలేదు.

అయిదు నిమిషాలు కాకముందే మంచం చక్రాల మీద బయటికి వచ్చింది. స్కానింగుకి తీసుకెళ్తున్నారు. రమ్య కళ్ళు తెరుచుకుని పైకప్పు వైపు ఉన్నాయి. తమ పక్కనుంచి పోతుంటే ఆ వాసనకు తల్లిని గుర్తుపట్టింది.

"చెప్పొద్దన్నాను కదమ్మా" అంది. ముఖం అవతలికి తిప్పుకుంది.

మంచం లిఫ్టులోకి ఎక్కింది.

"తాలూకు ఒకరు రావాలండీ" అన్నాడు మంచం తోసే మనిషి. "ఒక్కరే. తొందరగా."

ఈసారి పున్నమ్మ ఆలోచించలేదు. ముందుకు పరుగెత్తింది. చైతన్యకృష్ణ ఆమె కన్నా ముందే లిఫ్టు దగ్గరికి చేరాడు. గుమ్మంలో నిలబడి చెయ్యి అడ్డంగా చాపాడు.

తలుపు మూసుకుపోకుండా తన కోసం పట్టుకున్నాడో, తనను రావద్దని ఆపాడో, అతని ముఖం చూసినా ఆమెకు తెలియలేదు.